రాట్నం దగ్గరి పీట

హైదరాబాదు,
కార్తీక పౌర్ణమి మర్నాడు

సావిత్రికి,

నేను క్షేమం. ఫోను చేస్తే ఎత్తడం లేదని, టీవీ వాళ్ళు పిలవగానే వదినకి పొగరెక్కిందని ఈపాటికి ఊరంతా చెప్పి ఉంటావు. పొగరు కాదమ్మా, ఫోనే లేదు. దిగగానే అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించుకుని బీరువాలో పెట్టి తాళం వేసేశారు. పోటీ అయ్యేదాకా ఇవ్వరు. వారానికొక ఉత్తరం రాసుకోవచ్చు, ఒకటి అందుకోవచ్చు. అదీ ఆఫీసు వాళ్ళు చదివాకే. పోటీకి పనికొచ్చే సలహాలు ఉండకూడదట, మిగతా ఏ సంగతైనా రాసుకోవచ్చట. మీ అన్నయ్య మస్కట్ వెళ్ళిన కొత్తలో రాసినవే నా ఉత్తరాలు. ఇన్నేళ్ళకి మళ్ళీ పెన్ను పడితే వేళ్ళు నొప్పెడుతున్నాయి. తాడు పేనిన చేతులేనా ఇవి అనిపిస్తోంది.

ఈ ‘గల్లాపెట్టె’ పోటీ సంగతి నీకు సగం చెప్పి సగం మింగి బస్సెక్కాను. మాలాంటి చిన్న వ్యాపారాల వాళ్ళని పోగుచేసి రెండు జట్లు కట్టారు. వారం వారం ఒక పని ఇస్తారు. ఓడిన జట్టు పెద్ద కుర్చీలో కూర్చున్నాయన ముందు నిలబడాలి. ఆయన “మీలో ఎవరు బరువు?” అని అడుగుతారు. జట్టుకి పెద్దగా ఉన్నవాళ్ళు ఒక పేరు చెప్పాలి. ఆ మనిషి ఆ పూటే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవాలి. చివరిదాకా మిగిలినవాళ్ళ సరుకు ఏడాది పొడుగునా కొనడానికి ఒక పెద్ద కంపెనీ ఒప్పుకుంది. వానాకాలమంతా కొబ్బరి తాళ్ళు అమ్ముడుపోక మన షెడ్డు మూసేద్దామనుకున్నాం కదా. నేనిక్కడ నెగ్గితే ఆ మాట మళ్ళీ ఎత్తక్కర్లేదు.

కొత్తపేటలో టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి నా కోసం వచ్చి షెడ్డు చూస్తున్నావు. కన్నతల్లి కూడా చెయ్యదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. రాట్నం దగ్గర ఎవరు కూర్చోవాలో నువ్వు చెప్పకు. పొద్దున్న రాగానే ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళే చూసుకుంటారు. అది వాళ్ళ పద్ధతి, నేనెప్పుడూ వేలు పెట్టలేదు.

నీ వదిన,
లక్ష్మీదుర్గ


రాజోలు,
కార్తీకం చివరి సోమవారం

వదినా,

ముందుగా ఈ ఉత్తరం విప్పి చదువుతున్న ఆఫీసు బాబుకి ఆశీస్సులు. నాయనా, మా ఇంటి సంగతులు చదివి నవ్వుకుంటే నవ్వుకో గానీ, నలపకుండా మా వదినకి అందించు.

మన ఇంట్లో టీవీని ఆటోలో వేసుకొచ్చి షెడ్డులో పెట్టించాను. మీరు ఆడింది మాకు కొన్నాళ్ళు ఆలస్యంగా వస్తుందట కదా. మొదటిసారి నువ్వు కనబడగానే పీచు అక్కడే పడేసి అందరూ టీవీ ముందు కూలబడ్డారు. “దుర్గమ్మగారు చిక్కేరండి, అక్కడ అన్నం పెట్టట్లేదేమోనండి” అని వీరాయమ్మ బెంగ. పైడమ్మకేమో ఆ పెద్ద కుర్చీ ఆయన మీద కోపం. “ఆడాళ్ళని నిలబెట్టి ఆయన కూర్చున్నారేటండి!” అంది. ఎప్పుడూ నోరు విప్పని ఎలీసమ్మ చప్పట్లు కొట్టింది. రాట్నం తిప్పీ తిప్పీ ఆ చేతులకి ఏం బలముందో, షెడ్డు రేకులు అదిరాయనుకో.

నాకు మాత్రం పెద్ద కుర్చీ ఆయన నచ్చాడు వదినా. నాన్చుతూ కూర్చోడు, నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు. మా బడిలో హెడ్మాస్టరుగారికి ఆయన్ని చూపించాలి.

నీ పని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. ఇద్దరు మనుషులు ఒడిలో పీచు కట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ పోగు తీస్తుంటే, మూడో మనిషి పీట మీద కూర్చుని రాట్నం తిప్పుతుంది. నడిచేవాళ్ళకి సాయంత్రానికి కాళ్ళు పీకేస్తాయి, తిప్పే మనిషి మహారాణిలా కూర్చుంటుంది. అందరికీ కూలి ఒకటే! ఇదేం న్యాయమో. నువ్వు వేలు పెట్టొద్దన్నావు కాబట్టి పీట జోలికి పోవడం లేదు. తక్కిన చోట్ల చిన్న చిన్న మార్పులు చేస్తున్నాను. వచ్చాక చూసి మెచ్చుకుందువు గాని.

సావిత్రి


హైదరాబాదు,
మార్గశిర మాసం

సావిత్రికి,

నీ ఉత్తరం చదివి నేను నవ్వడం కాదు, ఇచ్చిన అబ్బాయి కూడా నవ్వుతూనే ఇచ్చాడు. వాళ్ళమ్మకి కూడా నీలాగే నోరెక్కువట.

ఈ వారం నన్ను జట్టుకి పెద్దని చేశారు. కొబ్బరి పీచుతో పూలకుండీలు చేసి పెద్ద దుకాణాల్లో అమ్మమన్నారు. పీచంటే నాకు చెప్పాలా! గెలిచాం. అక్కడ నేర్చుకున్న ఒక కిటుకు నీకూ చెబుతున్నాను, ఇది నీకు పనికొస్తుంది గానీ నాకు కాదు కాబట్టి ఆఫీసు వాళ్ళు కొట్టెయ్యరనుకుంటాను. బేరమాడేటప్పుడు మన ధర ఒక్కసారి చెప్పి నోరు మూసుకోవాలట. మనం ఏం చేస్తాం? ధర చెప్పి, వెంటనే మొహమాటపడి, “మీకు కాబట్టి తగ్గిస్తానండి” అని మనమే తగ్గించేస్తాం. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే. ఊరుకుని ఎదుటి మనిషి మొహంలోకి చూస్తే వాళ్ళే దిగొస్తారు. చూశాను, నిజమే.

మాకు మాట తీరు నేర్పే అమ్మాయి ఒకత్తె ఉంది. “మేము చేశాం, మా వాళ్ళు చేశారు అనకండి మేడమ్, నేను చేశాను అనండి” అని రోజూ దిద్దుతుంది. మొదట్లో ఆ మాట నోట్లో అడ్డంపడేది. ఇప్పుడు అలవాటైంది. పెద్ద కుర్చీ ఆయన మొన్న మన షెడ్డు గురించి కూడా అడిగారు. దీపాలు మొహం మీద పెట్టి అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా, చెప్పాను. టీవీలో వేస్తారో వెయ్యరో తెలీదు. తీసినవన్నీ వెయ్యరట.

ఎలీసమ్మ బాగుందా?

లక్ష్మీదుర్గ


రాజోలు,
మార్గశిరం, మంచు దట్టంగా ఉంది

వదినా,

నీ కిటుకు బ్రహ్మాండం. గుడి కమిటీ గంగబాబుగారు వచ్చారు. మాఘంలో స్వామి కళ్యాణం కదా, రథం తాడు ఎప్పట్లాగే మనమే పేనాలట. ధర చెప్పి నోరు మూసుకున్నాను. నాకు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆయన గోడ గడియారం చూశారు, రేకులు చూశారు, “దుర్గమ్మగారైతే ఈపాటికి తగ్గించేవారండి” అన్నారు. నేను కదల్లేదు. “ఆయ్, సరేలెండి” అని తాంబూలం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నీ పెద్ద కుర్చీకి ఓ దణ్ణం.

ఇక నా మార్పులు. గోడకి నల్లబల్ల వేలాడదీసి అందరి పేర్లూ రాశాను. ఎవరు ఎక్కువ పోగు తీస్తే వాళ్ళ పేరు పక్కన నక్షత్రం. శనివారం నాటికి నక్షత్రాలు ఎక్కువున్న మనిషికి చీర. మొదటివారం చూడాలి హడావుడి! వీరాయమ్మా పైడమ్మా పరుగులు. ఒకళ్ళ పోగు లావు, ఇంకొకళ్ళది సన్నం. రెండూ కలిపి పేనితే తాడు ముడతలు పడింది గానీ, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

చిక్కు ఇంకోచోట వచ్చింది. రాట్నం తిప్పే మనిషికి పోగు రాదు కదా, పోగు లేకపోతే నక్షత్రం లేదు. అంచేత పీట మీద కూర్చోవడానికి ఎవరూ రారు! మహారాణి ఆసనం ఖాళీ. పొద్దున్న సగం పూట నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని వాదులాడుకోవడమే. ఎలీసమ్మ ఒక్కర్తే కిమ్మనకుండా కూర్చుంది. సరే, ఇకనుంచి రోజూ నువ్వే అని నల్లబల్ల మీద ‘రాట్నం – ఎలీసమ్మ’ అని రాసేశాను. నువ్వు చెప్పింది మరిచిపోయి కాదు, గత్యంతరం లేక.

పోగు తీసే మరిడమ్మ నాతో మాట్లాడ్డం తగ్గించింది. ఎందుకో నాకు తెలీదు.

ఎలీసమ్మ బాగానే ఉంది. ఎందుకడిగావు?

సావిత్రి


హైదరాబాదు,
మార్గశిరం చివర

సావిత్రీ,

ఆ నల్లబల్ల ఈ ఉత్తరం అందిన పూటే తీసెయ్యి. రాట్నం పక్కన ఎవరి పేరూ రాయకు. చెరిపేటప్పుడు తడిగుడ్డతో చెరుపు, ఆనవాలు ఉండకూడదు. రథం తాడు పేనాలంటే షెడ్డులో అందరూ ఒక్కసారే పట్టాలి, ఒక్క అడుగు వెయ్యాలి. నక్షత్రాలు పెట్టుకుని ఆ పని అవదు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నీకు నేర్పింది నా కార్యక్రమమే.

మా జట్టులో నలుగురమే మిగిలాం. ఇంకొక్క ఘట్టం దాటితే చివరి పోటీ.

టీవీ కొన్నాళ్ళు ఇంటికి తీసుకుపోయి పెడితే బాగుంటుందేమో. పని చెడుతుంది కదా.

లక్ష్మీదుర్గ


రాజోలు,
పుష్య మాసం

శ్రీమతి లక్ష్మీదుర్గగారికి,

మీ ఉత్తరం అందింది. కానీ ముందు రోజే టీవీలో మీరు వచ్చారు.

టీవీ ఇంటికి ఎందుకు తీసుకుపొమ్మన్నారో ఇప్పుడు తెలిసింది. ఆ వేళ వీరాయమ్మ చేగోడీలు వేయించి తెచ్చింది. అందరం పళ్ళేలు పట్టుకుని కూర్చున్నాం, ఎలీసమ్మ నా పక్కనే. పెద్ద కుర్చీ ఆయన అడిగారు, “మీ షెడ్డులో ఎవరు బరువు?” అని. మీరు కాసేపు ఆగారు. ఆ ఆగినంతసేపూ, ఈవిడ ఎవరూ లేరని చెబుతుందని నాకు ఎంత ధైర్యమో. మీరు చెప్పారు, “ఎలీసమ్మండి. కూర్చుని రాట్నం తిప్పడం తప్ప ఇంకో పని చెయ్యలేదండి. నేను మొహమాటానికి ఉంచుకున్నాను” అని. ఆయన మెచ్చుకున్నారు. మీరు నవ్వారు.

ఎలీసమ్మ తిన్న పళ్ళెం కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంది. “నా పేరు స్పష్టంగా పలికేరండి దుర్గమ్మగారు” అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తక్కినవాళ్ళు వచ్చారు గానీ ఎవరూ పీచు ముట్టుకోలేదు. నేనూ తక్కువ తినలేదు, రాసేస్తాను. రథం తాడు గడువు ముంచుకొస్తోంది, వీళ్ళేమో బొమ్మల్లా నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండి, అచ్చం ఆయనలాగే చేతులు కట్టుకుని, “అయితే మీలో ఎవరు బరువో మీరే చెప్పండి” అనేశాను. నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. వీరాయమ్మ ఒక అడుగు ముందుకొచ్చి, “నేనేనండి” అంది. “దాని మొహం, అది కాదండి, నేనండి” అని పైడమ్మ. మరిడమ్మ, “టీచరుగారండీ, నేను రాసుకోండి” అంది. వరసగా అందరూ అదే మాట. అరుపు లేదు, తిట్టు లేదు. “మరి వెళ్ళొస్తామండి” అని నమస్కారం పెట్టి మరీ వెళ్ళిపోయారు. నాలుగు మాటలు అనిపోయినా బాగుండేది.

సాయంత్రం మరిడమ్మ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. కాఫీ ఇచ్చింది. మెల్లిగా పీట సంగతి చెప్పింది. పొద్దున్న ముందొచ్చిన మనిషి మిగతావాళ్ళ మొహాలు చూస్తుందట. ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరు రాత్రంతా ఏడ్చారో మొహం చూస్తే తెలిసిపోతుందట. అలాంటి మనిషికి రాట్నం దగ్గర పీట వేస్తుందట. ఎందుకని ఎవరూ అడగరట, ఇందుకని ఎవరూ చెప్పరట. ఎలీసమ్మకి వేసవిలో కడుపు ఆపరేషనయింది, నడుము వంగదు, అందుకని చాలా రోజులు ఆమెకే పీట వేస్తూ వచ్చారట. దాన్ని నేను మహారాణి ఆసనమని ఎగతాళి చేశాను.

ఇదంతా మీకు తెలుసు. మీకు కడుపు నిలవకుండా పోయినప్పుడు, ఆసుపత్రి నుంచి వచ్చి ఇంట్లో ఉండలేక మీరు షెడ్డుకి వచ్చేస్తే, మిమ్మల్ని కూడా ఆ పీట మీదే కూర్చోబెట్టారట కదా. ఆ పీట వేసింది ఎలీసమ్మట. నాకు ఎప్పుడూ చెప్పలేదేం వదినా?

షెడ్డుకి తాళం వేశాను. నల్లబల్ల పొయ్యిలో పెట్టాను.

సావిత్రి


హైదరాబాదు,
పుష్యం, అమావాస్య దగ్గర పడింది

సావిత్రీ,

ఫోను చేతికిచ్చేశారు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో ఎలీసమ్మ పేరు ఎత్తడానికి నాకు నోరు రాదు.

నీ ఉత్తరం ఇచ్చిన అబ్బాయి ఈసారి నవ్వలేదు. “చదవండి మేడమ్” అని పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఎందుకు చెప్పానో వందసార్లు అనుకున్నాను. ఎవరూ లేరంటే, ఈవిడకి మనుషుల్ని నడపడం రాదంటారని భయమేసింది. ఏదో ఒక పేరు చెబితే ఆ క్షణం గడుస్తుంది. ఎవరి పేరు చెబితే గొడవ చెయ్యరో ఆ పేరే వచ్చింది నోటికి. అదీ అసలు సంగతి. నాకు పీట వేసిన మనిషి, నన్ను ఏమీ అడగని మనిషి, ఆవిడే గొడవ చెయ్యదని నాకు తెలుసు. సావిత్రీ, నా మొహం అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

చివరి పోటీకి ముందు మా జట్టు ఓడింది. నేనే పెద్దని. మా జట్టులో కుండలమ్మే ఒక పిల్ల ఉంది, వారమంతా జ్వరంతో పడుకుంది. అందరూ ఆ పిల్ల పేరే అనుకున్నారు. మాట నేర్పే అమ్మాయి కూడా ముందే చెవిలో చెప్పింది. పెద్ద కుర్చీ ఆయన అడిగారు, “మీలో ఎవరు బరువు?” అని. “నేనేనండి” అన్నాను.

ఇదేదో ఎత్తు అనుకుని ఆయన నవ్వారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. ఇలా చెబితే మీరే వెళ్ళిపోవాలి, తెలుసా అన్నారు. “ఆయ్, తెలుసండి” అన్నాను. ఎలీసమ్మ గురించి తప్పు చెప్పానని కూడా చెప్పాను. అది వేస్తారో వెయ్యరో తెలీదు. వెయ్యకపోవచ్చు. గొప్ప పని చేశానని రాయడం లేదు. మన ఆడవాళ్ళు నీ ముందు వరసగా నిలబడి అన్న మాట నేను ఒక్కదాన్నే అరువు తెచ్చుకుని అన్నాను, అంతే. ఆ కంపెనీ లేదు, ఏడాది అమ్మకాలూ లేవు. షెడ్డు ఎలా నడుస్తుందో నాకు తెలీదు.

మా పిన్ని కూతురు పద్మశ్రీ వాళ్ళింట్లో దిగాను. అడ్రసు వెనక రాశాను. నాకోసం ఒక్క పని చెయ్యి. ఎలీసమ్మ ఇంటికి వెళ్ళి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు, నాకు సిగ్గయ్యే చోట్లు దాటెయ్యకు. తర్వాత, నేను షెడ్డుకి రావచ్చా అని అడుగు. ఆవిడ వద్దంటే నేరుగా ఇంటికి వస్తాను, షెడ్డు గుమ్మం తొక్కను. నువ్వే నడుపు. నీ జవాబు వచ్చేదాకా బస్సెక్కను.

లక్ష్మీదుర్గ


రాజోలు,
మాఘం వచ్చేసింది

వదినా,

ఇది ఎవరూ విప్పి చదవరు కదా, ఆ ఆఫీసు బాబు లేని లోటు తెలుస్తోంది.

ఎలీసమ్మ ఇంటికి ఆదివారం వెళ్ళాను. అప్పుడే చర్చి నుంచి వచ్చింది. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమంది. ముందు నా తరఫున క్షమించమని అడిగాను, నల్లబల్ల మీద పేరు రాసినందుకు. “మీరు కొత్త కదండి” అంది. తర్వాత నీ ఉత్తరం చదివాను, ఒక్క ముక్క దాటలేదు. ‘గొడవ చెయ్యని మనిషి పేరే వచ్చింది’ అన్నచోట తలెత్తకుండా చదివేశాను. ఆమె చీరకొంగు మడతలు పెడుతూ వింది. అయిపోయాక చాలాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. ధర చెప్పి ఊరుకోవడం కంటే ఇది చాలా కష్టం వదినా.

చివరికి, “దుర్గమ్మగారు ఎలా వస్తారండి?” అని అడిగింది.

“బస్సులోనే, రాత్రంతా ప్రయాణం” అన్నాను.

“అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తదండి. మొహం కూడా ఏం బాగుంటదండి, ఇన్నాళ్ళూ నిద్రున్నట్టు లేదు రాసింది వింటే” అంది.

“నీకు కోపం పోయిందా ఎలీసమ్మా?” అని అడగకుండా ఉండలేకపోయాను. నా నోరు సంగతి తెలుసు కదా.

“పోలేదండి” అంది. “కోపం వేరండి, పీట వేరండి. కోపం ఉందని పీట వెయ్యకుండా ఉంటామేటండి?”

మర్నాడు నేను తాళం తియ్యడానికి వెళ్ళేసరికి ఎలీసమ్మ, మరిడమ్మ గుమ్మంలో ఉన్నారు. వీరాయమ్మా, పైడమ్మా కాలవలో నానేసిన పీచు మోసుకొస్తున్నారు. నన్ను పక్కకి తప్పుకోమన్నారు, అంతే. ఎలీసమ్మ రాట్నం మీది దుమ్ము తుడిచింది, పీట కడిగి ఎండలో పెట్టింది, ఆరాక తెచ్చి దాని చోట దాన్ని వేసింది. నేను కూర్చోబోతే చెయ్యి అడ్డంపెట్టింది. ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటే తన నడుం కాస్త నయంగా ఉందట, నడిచి పోగు తీస్తానంటోంది. నువ్వొచ్చేదాకా నన్ను గొంతుక్కూర్చుని తిప్పమన్నారు. పొద్దున్నుంచి అదే చేస్తున్నాను, మోకాళ్ళు విరిగిపోతున్నాయి.

కంపెనీ లేకపోతే పీడాపోయె. గంగబాబుగారు మళ్ళీ వస్తే ధర చెప్పి ఊరుకుందాం, వచ్చే ఏడు ఇంకెవరొచ్చినా అలాగే ఊరుకుందాం. రథం తాడుకి పోగు సగం కూడా అవలేదు.

ఇది అందిన రాత్రే బస్సెక్కు. రావులపాలెంలో దిగితే ఆటో పంపుతాను. ఇంటికి వెళ్ళి స్నానం అదీ అని పెట్టుకోకు, నేరుగా షెడ్డుకి రా. నీకోసం పీట వేసి ఉంది.

సావిత్రి